ఇనుము పాతదైనా ఫర్వాలేదు, రబ్బరు పాతదైతే వద్దు

పాత కార్ల షెడ్డు: పాఠకుల ప్రశ్నలు, నెల్లూరు మెకానిక్ జవాబులు

మామూలుగా నాకొచ్చే ఉత్తరాల్లో పదికి తొమ్మిది ఇంజను గురించే. బోరు చేయించాలా, కార్బొరేటర్ ఎక్కడ దొరుకుతుంది, పొగ ఎందుకొస్తోంది, ఇవే. ఈసారి ఏమైందో గానీ అందరూ బ్రేకుల మీద పడ్డారు. నాకు సంతోషమే. స్టార్టు కాని బండి ఇంట్లో ఉంటుంది, ఎవరికీ ప్రమాదం లేదు. ఆగని బండితోనే తంటా.

ప్రశ్న: మాది కావలి. మా నాన్న వాడిన అంబాసిడర్ మార్క్ 2 పదకొండేళ్లుగా కొట్టంలో ఉంది. ఇంజను పని చేయించాను, స్టార్టవుతోంది. బ్రేకు పెడలు మాత్రం నేల దాకా పోతోంది. మెకానిక్ నాలుగు చక్రాలూ విప్పి చూసి సిలిండర్లు, షూలు, హోసులు అన్నీ మార్చాలన్నాడు. కలకత్తా నుంచి ఒకాయన అసలు కంపెనీ పాత స్టాకు, సీలు విప్పని కిట్లు ఇస్తానంటున్నాడు. ధర మటుకు మూడింతలు. మద్రాసు జీపీ రోడ్డులో ఇప్పుడు తయారైన కిట్లు ఉన్నాయట. పుదుపేటలో సెకండ్‌హ్యాండు డ్రమ్ములు, సిలిండర్లు చవగ్గా వస్తాయంటున్నారు. ఏ దారిన పోవాలి? ఒక్క శనివారమైనా ఈ బండిలో మాలకొండ పోవాలని అమ్మ కోరిక.

జవాబు: తమ్ముడూ, మూడు దారుల్లోనూ కొంత కొంత తీసుకోవాలి. ఏది ఎక్కడ కొనాలో తెలియడానికి నేను ఒకటే లెక్క పెట్టుకున్నాను. ఇనుము పాతదైనా ఫర్వాలేదు, రబ్బరు పాతదైతే వద్దు.

ముందు ఆ కలకత్తా ఆయన సంగతి. మల్లిక్ బజార్‌లో ఇప్పటికీ అంబాసిడర్ సామాను దొరుకుతుంది, కాదనను. ఉత్తరపారాలో బండి తయారీ 2014లో ఆగిపోయింది గాబట్టి పాత స్టాకు అనగానే మనకు నోరూరుతుంది. సీలు విప్పని పెట్టె, దాని మీద పాత కంపెనీ గుర్తు, లోపల మైనం కాగితంలో చుట్టిన కప్పులు, అంటే సిలిండర్‌లో ఆయిలు కారకుండా పిస్టన్ దగ్గర బిగించేవి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ ఆ కప్పులు రబ్బరువి. రబ్బరు బండికి బిగించకపోయినా ముసలిదవుతుంది. పెట్టెలో కూర్చునే గట్టిపడుతుంది, అంచు పదును పోతుంది, వేలితో వంచితే సన్నటి చీలికలు కనబడతాయి. ముప్పై ఏళ్ల నాటి కప్పును కొత్తదని బిగిస్తే పెడలు మొదటి వారం బ్రహ్మాండంగా ఉంటుంది, రెండో నెలలో మళ్లీ నేల దాకా పోతుంది. అదే ఆయన దగ్గర పాత స్టాకు డ్రమ్ములు గానీ, షూ చట్రాలు గానీ, బ్యాక్ ప్లేట్లు గానీ ఉంటే కళ్లకద్దుకొని తెచ్చుకో. కప్పులు, బూట్లు (సిలిండర్ మూతికి తొడిగే రబ్బరు తొడుగులు), హోసులు మాత్రం మద్రాసులో ఈమధ్య తయారైనవే కొను. ప్యాకెట్ మీద తయారైన నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటుంది. ఏడాది, రెండేళ్ల లోపుదైతేనే డబ్బులివ్వు. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనీ.

మన బండ్లకు బ్రేకు సామాను విషయంలో మద్రాసు దగ్గరుండటం ఒక అదృష్టం. బ్రేకులు తయారుచేసే బ్రేక్స్ ఇండియా 1962లో అక్కడి పాడిలోనే మొదలైంది. షూ చట్రం మీద ఉండి డ్రమ్మును రాసుకునే లైనింగులకు రానే, సుందరం కంపెనీలు రెండూ అక్కడివే. నా రోజుల్లో పొద్దున పినాకిని ఎక్కి పోయేవాణ్ణి, మధ్యాహ్నమంతా పుదుపేటలో తిరిగి రాత్రి బస్సుకు నెల్లూరు చేరేవాణ్ణి. సంచిలో ఎప్పుడూ రెండు వస్తువులుండేవి, పాత పార్టు ఒకటి, కొలత తీసే వెర్నియర్ ఒకటి. పాత పార్టు లేకుండా "అంబాసిడర్ వీల్ సిలిండర్ ఇవ్వండి" అని అడిగితే షాపువాడు చేతికి ఏది దొరికితే అది ఇస్తాడు. మార్కులు మారాయి, మార్కుల మధ్యలో కూడా పార్టులు మారాయి, మీ నాన్నగారి కాలంలోనే ఎవరో మెకానిక్ వేరే బండి సిలిండర్ బిగించి ఉండొచ్చు. పుస్తకంలో ఏముందో తర్వాత చూద్దాం, ముందు నీ బండికి ఏముందో కొలుచుకో.

ఇక పుదుపేట డ్రమ్ములు. తీసుకోవచ్చు. డ్రమ్మును వేలికి తగిలించి చిన్న సుత్తితో తట్టు. గంటలా మోగాలి. బొంగురుగా మోగిందంటే ఎక్కడో చీలిక ఉంది, అక్కడే వదిలేసి రా. తర్వాత లోపలి వ్యాసాన్ని మూడు చోట్ల కొలువు. మూడు కొలతలూ ఒకటి కాకపోతే డ్రమ్ము కోడిగుడ్డు అయిందన్నమాట, లేతు మీద తిప్పించాలి. 9 అంగుళాల డ్రమ్మయితే కొత్తప్పుడు 228.6 మిల్లీమీటర్లు. మామూలుగా 60 థౌ, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు వరకు తిప్పించవచ్చు. అంతకు మించి తీశారంటే గోడ పల్చబడిపోయి, వేడెక్కినప్పుడు సాగుతుంది. ఆటోనగర్ లేతువాళ్లు "ఇంకొంచెం తీస్తే నున్నగా వస్తది అన్నా" అంటారు. నున్నదనం కోసం గోడ పోగొట్టుకోకు.

ఒక డ్రమ్ము తిప్పిస్తే అదే ఇరుసు మీది రెండో డ్రమ్మును కూడా అంతే తిప్పించు. షూలు కూడా అంతే. ఎడమవైపు లైనింగు అరిగిందని ఎడమవైపే మార్చడం, కుడివైపు ఒక కంపెనీ, ఎడమవైపు ఇంకో కంపెనీ వేయడం నేను వందసార్లు చూశాను. బండ లాగుడు పోటీలో ఒక పక్క ఒంగోలు గిత్తనూ ఇంకో పక్క ముసలెద్దునూ కడితే కాడి ఎటు తిరుగుతుందో నీకు చెప్పనక్కర్లేదు. బ్రేకు కొట్టినప్పుడు స్టీరింగ్ అట్లాగే తిరుగుతుంది.

లైనింగుల దగ్గర ఇంకొక మాట. నీ పాత షూ చట్రాలు వంకర పోకుండా, తుప్పు తినకుండా ఉంటే వాటిని పారేయకు. ఇప్పుడు బజార్లో దొరికే కొన్ని చట్రాలకంటే అవే గట్టివి. పాత లైనింగు పీకించి కొత్తది వేయించు. రివెట్లు కొట్టేవాళ్లు దొరికితే రివెట్లే కొట్టించు, రివెట్ తల లైనింగు లోపలికి బాగా దిగి ఉండాలి. అంటించినవి కూడా మంచివే, కానీ అంటించే పని వేడి, ఒత్తిడి రెండూ ఉన్న చోట జరగాలి గానీ షెడ్డులో గమ్ము పూసి క్లాంపు వేస్తే కుదరదు. డ్రమ్ము తిప్పించావు గనక షూ గుండ్రం దానికి సరిపోదు. లైనింగు మీద అడ్డంగా సుద్దముక్కతో గీతలు గీసి, డ్రమ్ములో పెట్టి రుద్దు. సుద్ద మధ్యలో చెరిగితే సరే, అరుగుదలతో సర్దుకుంటుంది. రెండు చివర్ల మాత్రమే చెరిగితే ఆ షూ పట్టేస్తుంది, కీచుమంటుంది, అటువంటిదాన్ని గ్రైండ్ చేయించాల్సిందే.

సిలిండర్ల దగ్గరకొద్దాం. పదకొండేళ్లు కదలని బండి అన్నావు. బ్రేకాయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది, కావలిలో తేమకు కొదవేముంది. ఆ నీరు సిలిండర్ అడుగున చేరి అక్కడే తుప్పు గుంటలు పెడుతుంది. పైభాగం అద్దంలా మెరుస్తుంటుంది, అడుగున వేలు పెడితే గరుకు తగులుతుంది. కాబట్టి పుదుపేటలో సెకండ్‌హ్యాండు సిలిండర్ చూసేటప్పుడు పిస్టన్లు తీయించి, టార్చి వేసి, కప్పు ఆడే చోట చూడు. పైపైన మరక అయితే హోనింగ్‌తో, అంటే లోపల సన్నగా రుద్దితే పోతుంది. గోరుకు తగిలే గుంట అయితే పోదు. కొత్త సిలిండర్ దొరికితే కొత్తదే వెయ్యి. దొరకని మోడల్ అయితే పాత బాడీలో స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవ్ దించి, మళ్లీ మొదటి సైజుకే బోరు చేయించుకోవచ్చు. నీ బండి ముందు చక్రంలో ఒక్కోదానికి రెండేసి సిలిండర్లుంటే కుడి, ఎడమ వేరువేరుగా ఉంటాయి, విప్పకముందే ఫోన్లో ఫొటో తీసుకో. ఒక పక్క పూర్తిగా బిగించాకే రెండో పక్క విప్పు. స్ప్రింగు ఏ రంధ్రంలో ఉందో మర్చిపోతే ఎదుటి చక్రమే నీకు పాఠ్యపుస్తకం.

హోసులు ముందు రెండు, వెనక ఇరుసుకు ఒకటి. ఇవి పైకి బాగానే కనబడతాయి గానీ పాత హోసు లోపలివైపు ఉబ్బి మూసుకుపోతుంది. పెడలు తొక్కితే ఆయిలు పోతుంది, వదిలితే వెనక్కి రాదు. ఒక చక్రం మాత్రమే కాలిపోతుంటే అందరూ షూ విప్పుతారు, ముందు హోసు చూడాలి. చూసేదేముంది, మూడూ మార్చెయ్యి.

స్టీలు పైపులు కూడా క్లిప్పుల కింద చూడు. తుమ్మలపెంట గాలి మీ ఊరికి ఎంతో దూరం లేదు, ఉప్పు ముందు ఆ క్లిప్పుల కిందే పని మొదలుపెడుతుంది. పైపు మార్చాల్సి వస్తే ఫ్రిజ్‌కు వాడే రాగిపైపు వేస్తామనే మెకానిక్ తగులుతాడు. వంచడం తేలిక, మెరుస్తుంది, చవక. ఒప్పుకోకు. ఆ రాగి బండి అదురుకు గట్టిపడి, ఒకరోజు నట్టు పక్కన పగులుతుంది. స్టీలుదైనా, రాగి-నికెల్ మిశ్రమందైనా బ్రేకు పైపు అని అమ్మేదే కావాలి.

ఇదంతా బిగించేటప్పుడు కప్పుల్ని దేనితో కడుగుతారో నువ్వు పక్కన నిలబడి చూడు. ఎందుకంటున్నానంటే, ఈ తప్పు చేసింది నేనే. 1986లో, షెడ్డు పెట్టిన కొత్తల్లో, ఒక పెళ్లివారి అంబాసిడర్‌కు మాస్టర్ సిలిండర్ (పెడలు తొక్కితే నాలుగు చక్రాలకూ ఆయిలు తోసేది) కిట్టు మార్చాను. కప్పులకు దుమ్ము ఉందని కిరసనాయిలులో ముంచి తుడిచి బిగించాను. పొద్దున బాగుంది. పెళ్లికొడుకును ఎక్కించుకొని కోవూరు వైపు పోతుంటే పెన్నా వంతెన మధ్యకొచ్చేసరికి బండి బరువెక్కింది, తర్వాత నాలుగు చక్రాల నుంచీ పొగ, తర్వాత కదల్లేదు. వెనక లారీల హారన్లు, మేళంవాళ్లు దిగి వాయించడం మొదలుపెట్టారు, ఆగిందని కాదు, ఊరికే. జరిగిందేమంటే, కిరసనాయిలు తగిలి కప్పు ఉబ్బింది. మాస్టర్ సిలిండర్‌లో సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. పెడలు వదిలాక ఆయిలు దాని గుండానే డబ్బాలోకి వెనక్కి పోవాలి. ఉబ్బిన కప్పు ఆ రంధ్రాన్ని మూసేసింది. ఆయిలు వేడెక్కేకొద్దీ సాగి, పోయే దారి లేక బ్రేకుల్ని తనే పట్టేసింది. నేను స్కూటర్ మీద పోయి చక్రం దగ్గర ఆయిలు బయటికి వదిలే బ్లీడర్ నిపుల్ ఒకటి వదులు చేస్తే ఆయిలు చిమ్మి బండి కదిలింది. ముహూర్తానికి అందారు. నాకు మాత్రం కూలి అందలేదు, అడగలేదు కూడా. పెట్రోలు, డీజిలు, ఇంజనాయిలు, గ్రీజు, ఏ మినరల్ ఆయిలైనా కప్పుల్ని ఇట్లాగే చేస్తుంది. కొత్త బ్రేకాయిలుతోనో, స్పిరిటుతోనో తప్ప దేనితోనూ కడగనివ్వకు.

అమ్మగారి మాలకొండ సంగతి. బిగించిన మర్నాడే కొండెక్కొద్దు. తుమ్మలపెంట రోడ్డు చదునుగా ఉంటుంది, అక్కడ యాభై వేగం నుంచి మెల్లగా ఆపు, ఇట్లా ముప్పై నలభై సార్లు చెయ్యి, మధ్యలో చల్లారనివ్వు. లైనింగు డ్రమ్ముకు అలవాటు పడాలి. తర్వాత షూలను డ్రమ్ముకు దగ్గర చేసే అడ్జస్టర్లు మళ్లీ ఒకసారి బిగించు. కొండ దిగేటప్పుడు రెండో గేరులోనే దిగు, పెడలు మీద కాలు ఆనించి పెట్టకు. డ్రమ్ము వేడెక్కితే వ్యాసం పెరిగి షూకు దూరమవుతుంది, పెడలు ఎంత తొక్కినా పట్టు దొరకదు. ఇంకొకటి, ఆ రోజుల బండ్లలో నాలుగు చక్రాలకూ ఒకే ఆయిలు దారి. ఎక్కడ ఒక్క చుక్క కారినా నాలుగూ పోతాయి. కాబట్టి హ్యాండ్‌బ్రేకు కేబులు కూడా ఈ పనిలోనే కొత్తది వేయించు. దాన్ని ఎవరూ పట్టించుకోరు, కావాల్సిన రోజున అదొక్కటే మిగులుతుంది.

ప్రశ్న: ఒంగోలు నుంచి. నాది ప్రీమియర్ పద్మిని. వెనక వీల్ సిలిండర్లు లీకవుతుంటే రెండూ మార్పించాను. షాపాయన "ఇదీ అదీ ఒకటే సార్, బిగింపు సరిపోతుంది" అన్నాడు. సరిపోయింది కూడా. కానీ ఇప్పుడు వాన పడిన రోడ్డు మీద బ్రేకు కొడితే వెనకభాగం పక్కకు జారుతోంది. ఇంట్లోవాళ్లు ఈ బండి ఎక్కేది లేదంటున్నారు. బ్లీడింగ్, అంటే ఆయిలులో గాలి తీయించడం, మూడుసార్లు చేయించాను.

జవాబు: బ్లీడింగ్ ముప్పైసార్లు చేయించినా పోదు, అది గాలి జబ్బు కాదు. మీ పాత సిలిండర్లు ఇంకా పారేయలేదు కదా? పిస్టన్ తీసి లోపలి బోరును వెర్నియర్‌తో కొలవండి. తర్వాత కొత్తదాన్ని కొలవండి. పాతది 19.05 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం ఉండి, కొత్తది 22.2, అంటే 7/8 అంగుళం ఉంటే జబ్బు దొరికినట్టే.

చూడ్డానికి మూడు మిల్లీమీటర్లే తేడా. కానీ ఆయిలు ఒత్తిడి పనిచేసేది వ్యాసం మీద కాదు, వైశాల్యం మీద. వ్యాసాల నిష్పత్తిని దానితోనే హెచ్చవేయండి, 36 శాతం ఎక్కువొస్తుంది. అంటే అదే పెడలుకు వెనక షూలు మూడోవంతుకు పైగా ఎక్కువ గట్టిగా తన్నుతున్నాయి. బ్రేకు కొట్టినప్పుడు బండి బరువంతా ముందుకు వాలి వెనక చక్రాలు తేలికవుతాయి. అసలే తేలికైన చక్రాన్ని గట్టిగా పడితే అది తిరగడం మానేసి జారుతుంది. ముందు చక్రాలు జారితే బండి నేరుగా పోతుంది, వెనకవి జారితే గిర్రున తిరుగుతుంది. తయారుచేసినవాళ్లు వెనక బోరు చిన్నది పెట్టేది అందుకే, ఇనుము మిగుల్చుకోవడానికి కాదు. సరైన సైజు దొరికేదాకా బండి తీయకండి. ఇంట్లోవాళ్ల మాట వినండి.

మీరు సామాను మళ్లీ కొనేటప్పుడు ఇంకో గొయ్యి ఉంది. పద్మిని పుట్టుక ఇటలీ ఫియట్, అంబాసిడర్ పుట్టుక ఇంగ్లండు మోరిస్. దానిది మిల్లీమీటర్ల మర, దీనిది అంగుళాల మర. ఇంగ్లీషు బండి 3/8 పైపు నట్టు మర వ్యాసం 9.5 మిల్లీమీటర్లు, ఇటలీ బండిది 10. మర పట్టీ దూరం కూడా ఇంచుమించు ఒకటే. అందువల్ల చిన్న నట్టు పెద్ద రంధ్రంలోకి సునాయాసంగా ఎక్కుతుంది, స్పానరు పెడితే బిగిసినట్టు కూడా అనిపిస్తుంది. అది మర పట్టీల చివర్లతో మాత్రమే వేలాడుతుంటుంది. గట్టిగా బ్రేకు తొక్కిన రోజున ఊడుతుంది. కొత్త నట్టు పాత రంధ్రంలోకి చేత్తోనే చివరిదాకా తిరగాలి, గలగల ఆడకూడదు. ఆడితే అది మీ బండిది కాదు.

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాళెం. నాన్నగారు పోయాక ఆయన కారును నేనే నడుపుతున్నాను. వెనక ఒక చక్రం బ్రేకు పట్టడం లేదు. మెకానిక్ విప్పి చూసి లైనింగు మీద ఆయిలు పడిందని, బ్లోలాంపుతో కాల్చి ఉప్పుకాగితం రుద్దితే సరిపోతుందని అంటున్నాడు. ఆడవాళ్లకు అర్థం కాదని ఇట్లా చెబుతున్నాడా అని అనుమానం.

జవాబు: లేదమ్మా, ఆయన మగవాళ్లకూ అదే చెబుతాడు. మా మేస్త్రీ కూడా అదే చేసేవాడు. కాలిస్తే పైనున్న ఆయిలు పోతుంది, లోపల పీల్చుకున్నది పోదు. నాలుగుసార్లు బ్రేకు కొట్టి డ్రమ్ము వేడెక్కగానే మళ్లీ పైకి ఊరుతుంది. పైగా కాల్చిన లైనింగు పెళుసెక్కి చట్రం నుంచి లేస్తుంది. ఆ ఇరుసు మీది రెండు పక్కలా లైనింగులు మార్పించండి. దానికంటే ముందు ఆయిలు ఎక్కడినుంచి వచ్చిందో అడగండి. వేళ్లకు అంటించి వాసన చూస్తే తెలుస్తుంది, గేరాయిలు ఘాటు వేరు. గేరాయిలైతే ఇరుసు సీలు పోయింది, బ్రేకాయిలైతే సిలిండర్ కప్పు పోయింది. అది చూడకుండా లైనింగు మారిస్తే కొత్తది కూడా నెలకే తడుస్తుంది.

ఉప్పుకాగితం మాటకు ఇంకొంచెం చెప్పాలి. నాన్నగారి కాలం నాటి లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండటం మామూలు. డ్రమ్ము విప్పగానే మెకానిక్ నోటితో ఊదుతాడు, లేదా కంప్రెసర్ గాలి కొడతాడు. ఆ నల్లటి పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. దానివల్ల వచ్చే కాన్సరు ఎన్నో ఏళ్ల తర్వాత బయటపడుతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారేయమని చెప్పండి. కొనే లైనింగు ఆస్బెస్టాస్ లేనిదేనా అని అడగండి, పెట్టె మీద రాసి ఉంటుంది. నేను ముప్పై ఏళ్లు నోటితో ఊదాను. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం. దీనివల్లేనని డాక్టరు అనలేదు, కాదని కూడా అనలేదు.

ప్రశ్న: సింగరాయకొండ. నా పాత అంబాసిడర్‌కు ముందువైపు వేరే కారు డిస్కు బ్రేకులు పెట్టించాలనుకుంటున్నాను. తెలిసిన లేతాయన బ్రాకెట్లు చేసిస్తానన్నాడు. మంచిదేనా?

జవాబు: డిస్కు మంచిదే. వేడికి డ్రమ్ములా పట్టు వదలదు, వానలో తడిసినా తొందరగా ఆరుతుంది. కానీ బ్రాకెట్ చేసినంత తేలిక కాదు. డిస్కుకు డ్రమ్ముకంటే చాలా ఎక్కువ ఒత్తిడి కావాలి. కాలి బలాన్ని పెంచే బూస్టరు లేకుండా పాత మాస్టర్ సిలిండర్‌తో నడిపితే కాలు నొప్పి తప్ప బండి ఆగదు. డ్రమ్ము బండ్ల మాస్టర్ సిలిండర్‌లో ఎప్పుడూ కొంచెం ఒత్తిడి నిలబెట్టే వాల్వు ఉంటుంది, కప్పులు అంచు వదలకుండా. అదే వాల్వు డిస్కుకు తగిలిస్తే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ ఉంటాయి. పైన ఒంగోలాయనకు చెప్పిన వెనక చక్రాల లెక్క మళ్లీ మొదట్నుంచీ వేయాలి. ఇన్నీ తెలిసి చేసేవాడు దొరికితే చేయించండి, బ్రాకెట్ ఒక్కటే తెలిసినవాడితో వద్దు. పైగా రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానికి భిన్నంగా బండిని మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి. నా మటుకు నేనైతే, మంచి లైనింగులతో, సరిగ్గా తిప్పించిన డ్రమ్ములతో ఒక నెల నడిపి చూసి, అప్పటికీ డిస్కు కావాలనిపిస్తే ఆలోచిస్తాను. డ్రమ్ము బ్రేకు బాగాలేదనేవాళ్లలో చాలామంది బాగా ఉన్న డ్రమ్ము బ్రేకును ఎప్పుడూ తొక్కలేదు.

ప్రశ్న: నెల్లూరు, మాగుంట లేఅవుట్. బ్రేకాయిలు డాట్ 3, డాట్ 4, డాట్ 5 అంటున్నారు. పెద్ద నంబరు వేస్తే మంచిదా? సగం వాడిన డబ్బా ఒకటి ఇంట్లో ఉంది.

జవాబు: పెద్ద నంబరు పెద్ద మార్కు కాదు. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దగ్గర, డాట్ 4 అయితే 230 దగ్గర మరుగుతాయి. తేమ పీల్చాక మొదటిది 140కి, రెండోది 155కి పడిపోతాయి. మరిగితే ఆవిరి, ఆవిరైతే పెడలు నేల దాకా. ఈ రెండూ ఒకే జాతివి, డాట్ 4 వేసుకోండి. డాట్ 5 సిలికాన్‌ది, వేరే జాతి, పాత ఆయిలుతో కలవదు. రంగు పాడు చేయదని, తేమ పీల్చదని ప్రదర్శన బండ్లవాళ్లు వాడతారు. వేయాలంటే మొత్తం కడిగి, కప్పులన్నీ మార్చి వేయాలి. 5.1 అని ఇంకొకటి ఉంది, పేరు అట్లా ఉన్నా అది సిలికాన్ కాదు, డాట్ 4 కులమే.

మీ సగం డబ్బా మూత తీసి ఎన్నాళ్లయింది? మన ఊరి గాలికి నెలలు చాలు. పారేయండి. చిన్న డబ్బాలు కొని, తీసినదాన్ని ఆ పనికే వాడేయండి. రెండేళ్లకోసారి బండిలోది మొత్తం మార్చండి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు పోయండి, తుడవొద్దు, తుడిస్తే రంగు గుడ్డకే వస్తుంది.

ప్రశ్న: ఆత్మకూరు. 1968 ఫియట్‌కు వింటేజ్ నంబరు తీసుకోవాలంటే పాత బ్రేకులే ఉండాలా?

జవాబు: మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి ఆ రిజిస్ట్రేషన్ ఇస్తారు, 2021లో రూల్సు వచ్చాయి. నంబరులో వీఏ అక్షరాలుంటాయి, కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. లైనింగు, కప్పు, హోసు అరిగే సామాను, వాటిని మార్చడం మార్పు కిందికి రాదు. కానీ వింటేజ్ నంబరు వేసుకున్నాక ఆ బండితో రోజూ బజారుకు పోవడం కుదరదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ రిపేరుకూ మాత్రమే. మీ ఉత్తరం చివర పొదలకూరు సంతకు పోయొస్తుంటానని రాశారు, కాబట్టి ముందు అది తేల్చుకోండి.